డొక్కల కరువు మీద ఒకే సంపుటం నవల రాయాలంటే

ముందు కాలాన్ని కత్తిరించుకోవాలి. "కంపెనీ పాలనలో గుంటూరు సీమ" అని మొదలుపెడితే మూడు సంపుటాలైనా తెగదు. డొక్కల కరువు 1832–33 నాటిది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువనీ అంటారు. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల మందిలో 2 లక్షల దాకా చనిపోయారు. నందన ఉగాదితో కథ ఎత్తుకుని, మరుసటి ఏడు విజయలో పడే తొలకరితో దించేయండి. ఒక ఇల్లు, ఒక ప్రశ్న చాలు: విత్తనానికి దాచిన జొన్నలు వండుకోవాలా, వద్దా?

ఊళ్ల పేర్లకు, గుళ్లకు, చెరువులకు, కరణాల వాడుక మాటలకు ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ పోగుచేయించిన గ్రామ కైఫియత్తులు, అంటే ఊరి చరిత్ర రాతలు, చూడండి. దారులు, మజిలీలు ఏనుగుల వీరాస్వామయ్య రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో దొరుకుతాయి. ఆయన తిరిగింది 1830–31లో, అంటే కరువుకు కాస్త ముందే. కాకపోతే ఆయన పల్లకీలో పరివారంతో వెళ్లాడు. మీ పాత్ర ఖాళీ కడుపుతో నడుస్తోంది. గుంటూరు నుంచి చెన్నపట్నం దాదాపు 400 కిలోమీటర్లు. రోజుకు 15 చొప్పున 27 రోజులు, జ్వరం తగిలితే ఇంకా ఎక్కువ. చాలా రాతప్రతులు తప్పేది ఇక్కడే: ఈ అధ్యాయంలో బయల్దేరినవాడు వచ్చే అధ్యాయంలో పట్నంలో ఉంటాడు.

'అప్పటికి లేనివి' అని ఒక పేజీ రాసి గోడకు అంటించుకోండి. రైలు లేదు, కిరసనాయిలు లేదు, కూరలో టమాటా లేదు. ఆముదం దీపం, చింతపండు పులుసు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, కృష్ణ మీద ఆనకట్ట ఆ తర్వాతి మాట. కాబట్టి "కాలవ నీళ్లొస్తే బాగుండు" అని మీ రైతు అనలేడు. ఆకాశం వైపే చూస్తాడు.

ఆకలిని వర్ణించొద్దు, కొలవండి. ఉగాదికి కోడలు తవ్వతో గింజలు పోస్తుంది. శ్రావణానికి సోల. దీపావళికి గిద్ద, అంటే తవ్వలో ఎనిమిదో వంతు. సంక్రాంతికి ఆ గిద్ద గూట్లో బోర్లించి ఉంటుంది. ఇంత చూపిస్తే 'పస్తు' అన్న మాట రాయనక్కర్లేదు.

సేకరించిన దాంట్లో పదో వంతు పుస్తకంలోకి వస్తే ఎక్కువ. జమాబందీ (ఏటా శిస్తు లెక్క తేల్చడం) గురించి నేర్చుకున్నారు కదా అని అరపేజీ పాఠం చెప్పకండి. శిస్తు కట్టలేని మనిషి కరణం అరుగు ముందు ఎంతసేపు నిలబడ్డాడో చెప్పండి. నిజంగా ఉన్న అధికారి నోట కల్పించిన మాటలు పెడితే మాత్రం, ఆ సంగతి చివరి పేజీలో రెండు వాక్యాల్లో ఒప్పుకోండి.