ఊరు కడదాం - నాలుగో పాఠం: అర్రలో వెలుతురు

బ్లాకులు పేర్చి ఇండ్లు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటలో, పోయిన పాఠంలో మట్టి గోడలు లేపి, పైన పెంకల కప్పు వేసి ఆపాం. ఇప్పుడు లోపలికి పోదాం. మైన్‌క్రాఫ్ట్‌లో ఊరు కట్టేవాళ్ల ఇండ్లు చాలావరకు బయటికి ముచ్చటగానే ఉంటాయి. దర్వాజ తీస్తే మాత్రం గోడ నిండా కాగడాలు, నడుమ ఒక మంచం, మూలకు ఒక పెట్టె.

అన్ని కాగడాలు ఎందుకంటే, భయం. చీకటి పడితే ఇంట్లోనే క్రీపర్, అంటే దగ్గరికొచ్చి పేలిపోయే రాకాసి, పుడుతుందని. ఒకప్పుడు ఆ భయం సరైనదే. లైట్ లెవెల్, అంటే ఆటలో వెలుతురును 0 నుంచి 15 దాకా కొలిచే అంకె, 7 లేదా అంతకు తక్కువ ఉన్న చోటల్లా జాంబీలు, క్రీపర్లు పుట్టేవి. 2021 నవంబర్‌లో వచ్చిన 1.18 వెర్షన్ దాన్ని మార్చేసింది. ఇప్పుడు దీపం వెలుతురు పూర్తిగా సున్నా అయిన చోటే అవి పుడతాయి. పాత వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇంకా పాత లెక్కనే పట్టుకొని ఉన్నారు. కాపలాకు కావలసిన వెలుతురు చాలా కొద్ది. మిగతాదంతా మన ఇష్టం. ఈ పాఠం అంతా దీని మీదే.

ముందు లెక్క చూద్దాం. లాంతరు వెలుగు 15, కాగడా 14, నీలంగా వెలిగే సోల్ లాంతరు 10. కొవ్వొత్తి ఒకటైతే 3, ఒకే చోట నాలుగు గుచ్చితే 12. దీపం నుంచి ఒక్కో బ్లాక్ దూరం జరిగితే ఒక్కో లెవెల్ తగ్గుతుంది. మూలకు అడ్డంగా కొలవొద్దు. ఇటు నాలుగు, అటు నాలుగు అయితే ఎనిమిది అని లెక్కపెట్టాలి.

పొడవు తొమ్మిది, వెడల్పు తొమ్మిది బ్లాకుల అర్ర అనుకోండి. సరిగ్గా నడుమ, మనిషి నిలబడే ఎత్తుకు రెండు బ్లాకుల పైన, గొలుసుకు లాంతరు వేలాడదీశారు. మూలకు చేరేసరికి 15లోంచి రెండు, మళ్లీ ఎనిమిది పోయి 5 మిగులుతుంది. ఒక్క లాంతరుతో అర్ర మొత్తం భద్రం. అదే చోట సోల్ లాంతరు పెడితే? పదిలోంచి పది పోయి మూల సున్నా అవుతుంది. నీలం వెలుగు బాగుంది కదా అని పెట్టినవాళ్ల ఇంట్లో, తెల్లారేసరికి మూలన జాంబీ నిలబడి ఉండటానికి కారణం ఇదే.

కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో ఎఫ్3 నొక్కితే మీరు నిలబడ్డ చోటి వెలుతురు స్కై, బ్లాక్ అని రెండు అంకెల్లో కనబడుతుంది. చూడాల్సింది బ్లాక్ అన్నది. ఫోన్‌లో ఆడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోక తప్పదు.

ఇక అందం సంగతి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాత మట్టి ఇండ్ల గోడలు బాగా మందం. అందుకే గోడలోనే దీపానికి గూడు వదిలేవాళ్లు. మనమూ అదే చేద్దాం. గోడను రెండు బ్లాకుల మందంతో కట్టండి, ఒక్క వరుసైతే గూడు బయటికి బొక్క అవుతుంది. దర్వాజకు పక్కన, కంటి ఎత్తులో, లోపలి వరుస నుంచి ఒక బ్లాక్ తీసి అందులో రెండు కొవ్వొత్తులు పెట్టి చెకుముకితో వెలిగించండి. మూడు వైపులా గోడే కాబట్టి వెలుతురు ముందుకే పారుతుంది, గూడు అంచులు మాత్రం ఎర్రగా మెరుస్తాయి. రెండు కొవ్వొత్తుల వెలుగు 6, నాలుగడుగుల్లో మసకబారిపోతుంది. పోనివ్వండి. నడుమ లాంతరు కాపలా కాస్తోంది, గూడు పని కాపలా కాదు.

గోడల రంగు లైట్ లెవెల్‌ను మార్చదు, కంటికి కనబడే తీరును మారుస్తుంది. పైన సున్నం తెలుపుకు కాల్సైట్, కింద ఒక్క వరుస జాజు రంగుకు ఎర్ర టెర్రకోటా వేయండి. అదే లాంతరు కింద అర్ర పెద్దగా కనబడుతుంది. నేలకు షాబాద్ బండల్లా ఉండేది పాలిష్ చేసిన ఆండిసైట్.

నడుమ ఆకాశం కనబడేలా భవంతి ఇల్లు కడితే ఒక మాట గుర్తుంచుకోండి. పగలు ఆ ఖాళీలోకి పైనుంచి 15 లెవెల్ వెలుతురు నేరుగా దిగుతుంది, ఏ దీపమూ అక్కర్లేదు. రాత్రి మాత్రం ఆకాశపు వెలుతురును నమ్ముకోవద్దు. నడి వాకిట్లో ఒక్క లాంతరైనా లేకపోతే ఇంటి మధ్యలోనే జాంబీలు దిగుతాయి.

నేలలో వెలుగునిచ్చే గ్లోస్టోన్ రాయి పాతి పైన తివాచీ పరిచే ఉపాయం అందరికీ తెలిసిందే. తివాచీలోంచి వెలుతురు ఆగకుండా వస్తుంది. నాకైతే నచ్చదు. దీపం కనబడకుండా వెలిగే అర్ర ఫంక్షన్ హాల్‌లా ఉంటుంది. నడవాలో వాడుకోండి, పడుకునే చోట వద్దు.

పొయ్యికి క్యాంప్‌ఫైర్, అంటే కట్టెల మంట బ్లాక్, మేలు. మంట ఆరకుండా నిలిచే నెదర్‌రాక్ రాయి మీద మంట పెడితే దగ్గరున్న చెక్కకు అంటుకుని ఇల్లు కాలుతుంది, క్యాంప్‌ఫైర్ అలా అంటించదు. దాని మీద నడిస్తే మాత్రం కాలుతుంది, కాబట్టి దారికి అడ్డంగా పెట్టొద్దు.

సామాన్ల విషయంలో ఊరు కట్టేవాళ్లకు ఒక చిక్కుంది. ఇంట్లో అందానికి పెట్టిన వస్తువు ఊళ్లో తిరిగే ఆట మనుషుల్లో పని లేనివాడికి ఉద్యోగం అవుతుంది. వడ్లు పోసుకుందామని బారెల్ (చెక్క పీపా) పెడితే ఎవరో ఒకరు చేపలవాడు అయిపోతారు. పోచంపల్లి ఇల్లు కదా అని మగ్గం పెడితే, దాని ముందు వచ్చి నిలబడేది గొర్రెల కాపరి. మీరు వాడితో వస్తువుల బేరం చేయకముందే ఆ బ్లాక్ పగలగొడితే పని పోతుంది. ఒక్కసారి బేరం జరిగితే ఇక జీవితాంతం అదే పని. కాబట్టి అలంకారానికి ఉద్యోగం ఇవ్వని వస్తువులు చూసుకోండి. నా ఓటు కుండలకే. నాలుగు ఇటుకలతో ఒక కుండ వస్తుంది, 1.20 వెర్షన్ నుంచి ఉంది. మూలన ఒకదాని మీద ఒకటి మూడు పేర్చితే దొంతి తయారు, పైగా లోపల సామాను కూడా దాచుకోవచ్చు.

ఈ వారం పని: తొమ్మిది తొమ్మిదుల అర్ర, ఒక లాంతరు, రెండు గూళ్లు, ఒక దొంతి. ఒక్క కాగడా కూడా ఉండొద్దు. కట్టాక నాలుగు మూలల్లో నిలబడి లెక్క సరిచూసుకోండి. ఐదో పాఠంలో మగ్గం మీద బ్యానర్లు నేసి గోడలకు వేలాడదీద్దాం. ఆ కాపరిని ఎక్కడ ఉంచాలో అప్పటికి ఆలోచించి పెట్టుకోండి.