పెరట్లో నెగడు వేసే ముందు: బెజవాడ, గుంటూరు ఇళ్లవాళ్లకు

భోగికో, జనవరి చలికో పెరట్లో నెగడు వేసుకుంటే, గుంట ఎంత పెద్దదన్నదానికంటే అందులో ఏం వేస్తున్నారన్నదే ముఖ్యం. చెత్త కాల్చడం నిషేధం. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మామూలుగా చెత్త కాలిస్తే రూ.5,000, పెద్ద మొత్తంలో అయితే రూ.25,000 కట్టాలి. ఊడ్చిన ఎండుటాకులూ తోట చెత్తే. వాటిని ఓ మూల గోతిలో వేసి కుళ్లబెట్టండి, ఎరువవుతుంది. ఇక నిర్లక్ష్యంగా మంట పెట్టి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ. పండగ ముందు వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శిని ఓ మాట అడగండి, కార్పొరేషన్ కొత్తగా ఏమైనా ఆదేశాలిచ్చిందేమో తెలుస్తుంది. అపార్టుమెంటు టెర్రస్ మీద మాత్రం వద్దే వద్దు: వేడికి శ్లాబు పెచ్చులూడుతుంది.

చోటు: గోడకు, ఎండుమట్టలు వేలాడే కొబ్బరిచెట్టుకు, గ్యాస్ బండకు కనీసం పది పన్నెండు అడుగుల దూరం. పైన సర్వీసు వైరు ఉండకూడదు. మూడడుగుల వెడల్పు, అడుగు లోతు గుంట తవ్వి, అడుగున రెండంగుళాల పొడి ఇసుక పరవండి. చుట్టూ ఎర్ర ఇటుకలు పేర్చండి. కృష్ణ ఒడ్డు గులకరాళ్లు అందంగానే ఉంటాయి కానీ పెట్టకండి: లోపలి తేమ ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి.

కట్టె: తుమ్మ, వేప, మామిడి, పిడకలు మంచివి. నరికాక బాగా ఆరాలి. కాల్చేటప్పుడు చివర్లలో నురగ, బుసబుసమనే చప్పుడు వస్తే పచ్చి ఉన్నట్టే, పొగ తప్పదు. గన్నేరు కట్టె పొగ విషం. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్, టైర్లు, పురుగుమందు సంచులు వేయకూడదు. గుంటూరు వైపు చేతికందే మిర్చి కంప, తాలు మిరపకాయలు అసలొద్దు. ఆ ఘాటుకు మీ వీధంతా దగ్గుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లకైతే ప్రమాదం.

తెల్లవారుజామున చల్లగాలి నేలకు అంటుకుని ఉంటుంది, పొగ పైకి లేవదు. మొగల్రాజపురం, గుణదల కొండల పక్కన ఉన్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అందుకే భోగి మంట చిన్నగా, ఆరిన కట్టెతో, బాగా రాజుకునేలా వెయ్యాలి. మంట బాగా మండితే పొగ తగ్గుతుంది. గాలి జోరుగా ఉంటే మానుకోండి.

అంటించడానికి కర్పూరం, కొబ్బరి పీచు, సన్నటి పుల్లలు చాలు. పెట్రోలు పోస్తే ద్రవం కంటే ముందు దాని ఆవిరి భగ్గుమంటుంది, చేతిలో డబ్బాతో సహా. దగ్గరే రెండు బకెట్ల నీళ్లు, ఓ తట్ట ఇసుక ఉంచండి. పిల్లలు నైలాన్ లంగాలు, చున్నీలతో దగ్గరకు రాకుండా చూడండి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టండి, టూత్‌పేస్టు రాయొద్దు. మంట చేయిదాటితే 101.

ఆర్పడంలోనే చాలామంది తొందరపడతారు. నీళ్లు చల్లి, కర్రతో బూడిద కలిపి, మళ్లీ చల్లండి. ఆవిరి పూర్తిగా ఆగి, అరచేతి వెనుక భాగం బూడిదకు దగ్గరగా పెడితే వేడి తగలనప్పుడే వదలండి. నిప్పున్న బూడిదను చెత్తబండిలో వేస్తే బండి తగలబడుతుంది. మొక్కలకు వేద్దామనుకుంటే కుండీకి ఓ చెంచా మించొద్దు, బూడిద క్షారం పెంచుతుంది.