గొంతు చూశాకే పేరు: గోల్డెన్-వింగ్డ్, బ్లూ-వింగ్డ్ వార్బ్లర్లు, వాటి సంకరాలు

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో, న్యూజెర్సీ ఉత్తర కొండల్లో కూడా, ఏప్రిల్ చివరికి ఈ రెండు పిట్టలు పొదలు పెరిగిన బయళ్లకు చేరతాయి. బరువు పది గ్రాములు. ఒకదానితో ఒకటి జతకడతాయి, ఆ పిల్లలకూ మళ్లీ పిల్లలవుతాయి. అందుకే పిట్టను మొత్తంగా చూసి పేరు పెట్టొద్దు. గొంతు, పొట్ట, రెక్క పట్టీలు, ఈ మూడూ విడివిడిగా రాసుకోండి.

మగ గోల్డెన్-వింగ్డ్‌కి గొంతూ చెంపా నలుపు, ఆడదానికి బూడిదరంగు. పొట్ట తెల్లగా, రెక్క మీద పసుపు మచ్చ. బ్లూ-వింగ్డ్‌కి గొంతు నుంచి పొట్ట దాకా పసుపే, కంటి మీదుగా సన్నటి నల్ల గీత, రెక్కకు రెండు తెల్ల పట్టీలు.

నల్ల గొంతు అంతర్గత (రిసెసివ్) లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పైకి కనపడుతుంది. కాబట్టి మొదటి తరం సంకరానికి అది రాదు: తెల్లటి పొట్ట, ఛాతీ మీద పసుపు ఛాయ, కంటి గీత, పసుపు పట్టీలు ఉంటాయి. అదే బ్రూస్టర్స్. పసుపు పొట్టకు నల్ల గొంతు కలిస్తే లారెన్స్, ఇది మరీ అరుదు. 1874లో ఈ రెండింటినీ కొత్త జాతులుగానే వర్ణించారు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది కూత దగ్గర. బ్లూ-వింగ్డ్ 'బీ... బ్జ్జ్' అని రెండు ముక్కల్లో, గోల్డెన్-వింగ్డ్ ఒక పొడవాటి 'బీ' తర్వాత 'బ్జ్ బ్జ్ బ్జ్' అని పాడతాయి. సంకరం మాత్రం రెండింటిలో ఏదైనా పాడొచ్చు. కూత రికార్డు చేయండి, కానీ పిట్టను కళ్లారా చూడకుండా జాతి ఖాయం చేయొద్దు. గూడు కట్టే రోజుల్లో ఫోన్‌లో కూత వినిపించి పిలవడం అసలే వద్దు.

ఇంకో పొరపాటు వెలుతురుది. ఎండ పడ్డ లేత ఆకుల ఛాయ తెల్ల పొట్టను పసుపుగా చూపిస్తుంది. అదే పిట్టను నీడలో, మరో కొమ్మ మీద మళ్లీ ఫొటో తీయండి. పక్క నుంచి ఒకటి, గొంతు కనపడేలా ఎదురుగా ఒకటి, రెక్క పట్టీలు తెలిసేలా ఒకటి, మూడూ కావాలి.

చూసిన పిట్టలను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో బ్రూస్టర్స్, లారెన్స్‌లకు వేరే వరుసలున్నాయి. లక్షణాలు ఆ రెండింటిలో దేనికీ సరిపోకపోతే 'హైబ్రిడ్' అనే వేయండి. గొంతు కనపడకపోతే 'గోల్డెన్-వింగ్డ్/బ్లూ-వింగ్డ్' అని రెండు పేర్లూ గీతతో ఉన్న వరుస ఎంచుకోండి. వ్యాఖ్యలో మాత్రం పేరు కాదు, చూసింది రాయాలి: 'గొంతు తెలుపు, పట్టీలు పసుపు, ఛాతీ ఎడమ పక్క పసుపు మరక' అని. 2018లో పెన్సిల్వేనియాలో బ్రూస్టర్స్ తల్లికీ చెస్ట్‌నట్-సైడెడ్ అనే మరో వార్బ్లర్ జాతి తండ్రికీ పుట్టిన మగపిట్ట దొరికింది, తండ్రి కూతే పాడుతూ.