చెన్నైలో పాత హెరాల్డ్‌కు వింటేజ్ రిజిస్ట్రేషన్: దరఖాస్తుకు ముందు, తరువాత

మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మీ ఇంట్లో ఉంటే, ఫారం నింపే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఆ కారును ఆదివారాలు మహాబలిపురం దాకా నడుపుకుంటారా, లేక ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే బయటికి తీస్తారా? రెండింటికీ దారులు వేరు.

ప్రదర్శనలకు మాత్రమే తీసే కారుకు సరిపోయే వింటేజ్ దారి 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించినప్పుడు ఏర్పడింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి. ఛాసిస్ (కారు అడుగు చట్రం), బాడీ షెల్ (పై రేకు నిర్మాణం), ఇంజన్ చెప్పుకోదగ్గ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. హెరాల్డ్ యజమానులకు చిక్కంతా ఇక్కడే. మన ఉప్పుగాలికి అడుగున తుప్పు పడుతుంది. విడిభాగాలు దొరకడం లేదని మెకానిక్ వేరే ఇంజన్ బిగిస్తానంటే దయచేసి ఒప్పుకోకండి. ఆ ఒక్క పనితో వింటేజ్ అర్హత పోవచ్చు. ఏ మరమ్మతుకైనా ముందూ తరువాతా ఫోటోలు తీయండి, బిల్లులు దాచండి, ఛాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ తగలనివ్వకండి.

దరఖాస్తు ఫారం 20లో, కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ పోర్టల్ ద్వారా. పాత ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం), బీమా పాలసీ, 20,000 రూపాయల రుసుము కావాలి. రాష్ట్రం నియమించిన కమిటీ కారును పరిశీలిస్తుంది. అర్హత ఉంటే 60 రోజుల్లో ఫారం 23ఏలో ధ్రువపత్రం ఇవ్వాలి. అది పదేళ్లు చెల్లుతుంది, ఆపై పునఃరిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు. మద్రాసు రాష్ట్రం నాటి, ఎంఎస్‌తో మొదలయ్యే పాత నంబరును ఉంచుకోవచ్చు. తప్పకుండా ఉంచుకోండి, అది కూడా కారు చరిత్రే.

అయితే ఈ ధ్రువపత్రంతో రోజువారీ ప్రయాణం కుదరదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతు కోసమే రోడ్డెక్కాలి.

నడుపుకోవాలనుకునేవారికి మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువలే మేలు. గడువుకు ముందు 60 రోజుల లోపల ఫారం 25 ఇచ్చి, కారును తనిఖీకి చూపించాలి. ఐదేళ్లకు చెల్లుతుంది. 2025 ఆగస్టు సవరణ ప్రకారం 20 ఏళ్లు దాటిన కారుకు రుసుము 10,000 రూపాయలు. అంటే పదేళ్లలో దీన్ని రెండుసార్లు కట్టాలి కనుక, మొదటి పదేళ్లకు రెండు దారుల రుసుమూ సమానమే. కాబట్టి డబ్బును బట్టి కాక, కారును ఎలా వాడతారన్నదాన్ని బట్టి ఎంచుకోండి.

ఆర్‌సీ ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉంటే ఇవేవీ ముందుకు సాగవు. మొదట ఫారం 31తో యాజమాన్యం మార్పించుకోవాలి. దానికి మరణ ధ్రువపత్రంతో పాటు తహసీల్దారు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం కావాలి; పని అక్కడ మొదలుపెట్టండి.