సామలన్నం ముద్ద కాకుండా, బెల్లం కారకుండా: విశాఖలో ఊరి తిండి

చుట్టుపక్కల పండినవే తిందామనుకుంటే విశాఖలో కూరగాయలకు ఇబ్బంది లేదు, రైతుబజార్లున్నాయి. చిక్కల్లా ఏజెన్సీ (మన్యం) సామలతోనే: అన్నం పైన ముద్ద, లోపల పలుకు.

మాకు కుదిరిన కొలత ఇది. గ్లాసు సామలు కడిగి, గాలించి (అడుగున ఇసుక మిగులుతుంది, చూడండి), గంట నానబెట్టాలి. ఆ నీళ్లు వంపేసి, రెండున్నర గ్లాసుల ఎసరు మరిగాక వేయాలి. కుక్కర్ వద్దు, మందపాటి గిన్నె, సన్నసెగ. నీరు ఇగిరాక దించి పది నిమిషాలు మూత తీయొద్దు. వేడి మీద కలియబెడితే ముద్దే. పాలిష్ పట్టనివైతే నెలకు సరిపడానే కొనాలి. తవుడులోని నూనె వల్ల చేదెక్కుతాయి.

చోడి (రాగి) పిండి మరిగే నీళ్లలో నేరుగా పోస్తే పైపొర ఉడికి ఉండ కడుతుంది, లోపల పొడిపిండే. ముందు చన్నీళ్లలో జారుగా కలపాలి.

అనకాపల్లి బెల్లం వానల్లో చెమరుస్తుంది. దిమ్మ కొట్టి, ముక్కలు మూత బిగుసుకునే సీసాలో పెడితే సరి. తడి చెంచా ముట్టకూడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, మరబోట్లు కదలవు. ఎండు చేపలు ముందే కొని, ఇంకో ఎండ తగిలించి డబ్బాలో పెట్టాలి. మెత్తబడినవి పురుగు పడతాయి.