మేలు జరిగిందా? ముందు పాత రిపోర్టులు వెతకండి

కవిటి చుట్టుపక్కల ఊళ్లల్లో ఉపదేశిగా (చర్చి తరఫున మతబోధ చేసేవాడిగా) తిరుగుతుంటాను. పెద్ద ఆవుటపల్లిలో బ్రదర్ జోసఫ్ తంబి సమాధికి వెళ్లొచ్చినవాళ్లు "మేలు జరిగింది, రాసి పెట్టు బాబూ" అని నా దగ్గరికి వస్తారు. ఊరూరా తిరిగి సువార్త చెప్పిన తంబిగారు 1945 జనవరి 15న కన్నుమూశారు. పునీతుల పట్టికకు ఇంకా ఎక్కలేదు. ఎక్కాలంటే ఆయన్ని వేడుకున్నాక జబ్బు నయమైందని రుజువు కావాలి, అందుకే మీ సాక్ష్యానికి విలువ.

"నాను ఏడిసి ఏడిసి అడిగినాను, అది రాయి" అంటారు. రాస్తాను, ఒక్క వాక్యం. రోములో ఆ స్వస్థత కేసును ముందు తూచేది డాక్టర్లు. వాళ్లకు జబ్బు ఉన్నట్టు చూపే కాగితం కావాలి. తగ్గాక తీయించిన రిపోర్టు అందరూ బీరువాలో దాస్తారు, తగ్గకముందుది పొయ్యిలోకి పోతుంది! తేదీ గుర్తులేకపోతే తుఫాను పట్టుకోండి. "తితిలీకి ముందే" అంటే 2018 అక్టోబరుకు ముందన్నమాట. తర్వాత మందుల చీటీతో సరిచూడండి.

వాడిన మందులన్నీ రాయండి, దాచొద్దు. మదర్ థెరిస్సా ధన్యత (పునీత హోదాకు ముందు మెట్టు) కేసులో మోనికా బెస్రా కడుపులో గడ్డ 1998లో మాయమైందని చెబితే, అది మందులతోనే తగ్గిందని వైద్యం చేసిన డాక్టర్లు వాదించారు. 2003లో మదర్‌ను ధన్యురాలిగా ప్రకటించినా ఆ వాదన ఆగలేదు.

మన ఉద్దానంలో వచ్చేవన్నీ దాదాపు కిడ్నీ కేసులే. డయాలసిస్ అయ్యాక క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) దిగితే అది మిషను చేసిన పని. స్వస్థత వెంటనే జరగాలి, పూర్తిగా జరగాలి, తిరగబెట్టకూడదు, వైద్యానికి అంతుచిక్కకూడదు. కొంచెం నెమ్మదించిందంటే దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోండి, కేసు మాత్రం కాదు.

ఇంకో చిక్కు. వేళాంగణి మాతకు మొక్కి, పునీత అంతోనివారికి కొవ్వొత్తి వెలిగించి, తంబిగారికి నవదినాలు (తొమ్మిది రోజుల ప్రార్థన) చేశామంటే, మన తరఫున దేవుణ్ని అడిగిన ఎవరి వేడుదల ఫలించిందో తేలదు. దేవుడికి ఆ బాధ లేదు, విచారణ చేసేవాళ్లకు ఉంది. ఎవరిని, ఏ రోజు నుంచి, ఎవరెవరు కలిసి వేడుకున్నారో రాయండి.

మెట్లు తెలిసుంటే మంచిది: దైవసేవకుడు, పూజ్యుడు, ధన్యుడు, పునీతుడు. పూజ్యుడు కావడానికి అద్భుతం అక్కర్లేదు, జీవితం చాలు. ధన్యుడు కావడానికి ఒకటి కావాలి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షికి అదీ వద్దు), ఆ తర్వాత జరిగింది మరొకటి ఉంటే పునీతుడు. అందాకా పీఠం మీద ఆయన బొమ్మ పెట్టొద్దు, తల వెనక వెలుగు వలయం గీయించొద్దు. బహిరంగ ఆరాధన జరిగిందని తేలితే కేసుకే చేటు.

రాసింది విచారణ గురువుకు, అంటే మీ చర్చి ఫాదరుకు ఇవ్వండి. ఆవుటపల్లి విజయవాడ మేత్రాసనంలో (బిషప్పు పరిధిలో) ఉన్నా, స్వస్థత ఇక్కడ జరిగితే సాక్షులను విచారించేది శ్రీకాకుళం మేత్రాసనమే. వైద్యం చేసిన డాక్టరు ఏ మతస్తుడైనా సాక్షే, ముందే అడిగి ఉంచండి. ఇచ్చేది జిరాక్సు, అసలు కాగితాలు మీ దగ్గరే ఉండాలి.