డబుల్ బెడ్‌రూం ఇంటికి నోటీసు అంటిస్తే ఏం చేయాలి

మా పిన్నికి హైదరాబాద్ సిటీ బయట, సర్కారు పేదలకిచ్చే డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. ఆమె పనిచేసే ఇళ్లన్నీ సిటీలోనే. పొద్దున ఆరింటికల్లా గిన్నెల దగ్గర ఉండాలంటే రెండు బస్సులు మారి రావడం కుదరక, వారంలో మూడు నాలుగు రోజులు చెల్లెలి దగ్గరే పడుకునేది. ఓ ఆదివారం వెళ్లేసరికి తాళం పైన తలుపుకి మైదా జిగురుతో అంటించిన కాగితం ఉంది, ఇంట్లో ఉండటం లేదు కాబట్టి కేటాయింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని. ఆ రాత్రి టెన్షన్‌తో ఆమె అన్నం కూడా తినలేదు.

హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టి 2023లో ప్రారంభించారు. అక్కడ ఇల్లు వచ్చినవాళ్లలో చాలామంది బతుకుతెరువు మాత్రం ముందు ఉన్న బస్తీల చుట్టూనే ఉండిపోయింది. తాళం కనబడితే అమ్మేశారనో అద్దెకిచ్చారనో అనుకోవడం అన్యాయం.

ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, అది ఖాళీ చేయమనే ఆర్డర్ కాదు, షోకాజ్ నోటీసు, అంటే మీ సంజాయిషీ అడుగుతున్నారు. మీరు మాట్లాడకపోతే మాత్రం జవాబు రాలేదని ఫైల్లో రాసుకుని రద్దు చేసేస్తారు. అందుకని కాగితం పీకకముందే ఇంటి నంబర్ కనబడేలా ఫోటో తీయండి. నోటీసు నంబర్, తారీఖు, గడువు, కింద ఎవరి సంతకం ఉందో చూసుకోండి.

జవాబు తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. ఎందుకు ఇంట్లో లేరో ఉన్నదున్నట్టు రాయండి: పని, ఆసుపత్రి, కాన్పు, ఏదైనా. రుజువులు జత చేయండి. అన్నిటికంటే గట్టిది కరెంటు బిల్లు. గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం వల్ల జీరో బిల్లే వస్తోంది కదా, దాచడం ఎందుకని చాలామంది పారేస్తారు. డబ్బులు సున్నా అయినా వాడిన యూనిట్లు దాని మీద ఉంటాయి, నెలనెలా యూనిట్లు తిరిగాయంటే ఇంట్లో మనుషులున్నారనే కదా! గ్యాస్ డెలివరీ రసీదులు, పిల్లల స్కూల్ బోనఫైడ్, ఆ అడ్రస్‌తో ఆధార్, పక్క ఫ్లాట్లవాళ్ల సంతకాలు కూడా పెట్టండి. పిన్ని దగ్గర ఐదు నెలల బిల్లులు దొరికాయి, బియ్యం డబ్బా కింద మడతపెట్టి ఉన్నాయి.

నోటీసు ఇచ్చిన ఆఫీసుకి జవాబు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తారీఖు వేయించుకోండి. "పెట్టి వెళ్లమ్మా, చూస్తాం" అంటే మాత్రం ఒప్పుకోకండి. మాతో అదే మాట అన్నారు, మేం అరగంట నిలబడితే గానీ స్టాంపు పడలేదు. అసలు తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి కూడా వెళ్లి అర్జీ ఇవ్వండి. డబ్బులిస్తే మేనేజ్ చేస్తానని వచ్చే బ్రోకర్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

అధికారులు ఇల్లు చూడటానికి ఎప్పుడొచ్చారు, ఏం రాసుకున్నారు అనేది సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 30 రోజుల్లో చెప్పాలి. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

మీ మాట వినకుండా రద్దు చేస్తే హైకోర్టులో రిట్, అంటే సర్కారు నిర్ణయం మీద పిటిషన్, వేయొచ్చు. బతుకుతెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనని ముంబై ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. లాయర్ ఫీజు ఎక్కడ తేవాలని భయపడకండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు నోటీసు, పట్టా, ఆధార్ తీసుకుని నేరుగా వెళ్లండి.

నిజంగానే అద్దెకిచ్చి ఉంటే దారి కష్టం. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్న షరతు మీదే ఆ ఇళ్లు ఇచ్చారు. అబద్ధం రాస్తే ఇంకా ఇరుక్కుంటారు, ముందు మీరొచ్చి ఉండటం మొదలుపెట్టి అదే రాయండి.

ఇక అలాంటి ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఇల్లు మాదేనని సర్కారుతో వాదించలేరు. అయినా ఓనర్ మీ సామాను బయట పడేయడానికి వీల్లేదు. అడ్వాన్స్ ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, చేతికిచ్చి ఉంటే ముట్టినట్టు ఓనర్‌తో ఒక వాట్సాప్ మెసేజ్ అయినా పెట్టించుకోండి.